వాడిన సైకిల్ కొన్నాక మొదటి ఖర్చు దేనికి?

చిరంజీవులకు ఆశీస్సులు.

రోజూ కాలేజీకో, పనికో వెళ్ళిరావడానికీ, సెలవు రోజున సరదాగా తిరగడానికీ ఒకరు వాడిన హైబ్రిడ్ సైకిల్ తీసుకుంటున్నామనీ, దానికి ఏమేమి అమర్చుకోవాలో చెప్పమనీ రాశారు. మంచి ఆలోచన చేశారు. రేసు సైకిల్‌కు ఉన్నంత పెద్ద చక్రాలు, వాటికంటే వెడల్పైన టైర్లు, తిన్నని హ్యాండిలు ఉంటాయి కాబట్టి ఈ రకం సైకిల్ మీద నడుము మరీ వంచకుండా, చుట్టుపక్కల చూసుకుంటూ హాయిగా పోవచ్చు. అయితే సైకిల్ ఇంటికి రాగానే మనసు ముందుగా కొత్తగా తగిలించే వస్తువుల మీదికి పోతుంది. ఆ తొందర పడకండి. సైకిల్ ఆగడానికీ దొర్లడానికీ ఆధారమైన భాగాల మీద మొదట ఖర్చు పెట్టండి; ఆ తరువాత, ఏ వస్తువు లేనందువల్ల మీరు సైకిల్‌ను ఇంట్లో వదిలి వెళ్ళే పరిస్థితి వస్తుందో ఆ వస్తువు కొనండి.

కొనే ముందు ఫ్రేమును గుడ్డతో తుడిచి, గొట్టాలు కలిసే చోట్లను, ముఖ్యంగా హ్యాండిల్ దిగువనూ పెడళ్ళ ఇరుసు చుట్టూనూ, వేలితో తడిమి చూడండి. అక్కడ రంగు ముడతపడినా, సన్నని పగులు కనిపించినా ఆ బేరం వదిలేయండి. మిగిలిన ఏ భాగాన్నయినా మార్చుకోవచ్చు గాని పగిలిన ఫ్రేమును నమ్ముకుని రోజూ రోడ్డెక్కకూడదు. ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర టకటకమని కదిలితే అక్కడి బేరింగులు వదులైనట్టు. దాన్ని సరిచేయవచ్చు. సాధారణంగా పెడళ్ళ ఇరుసు అడుగున ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని ఎవరైనా గీకేసి ఉంటే అది దొంగసొత్తు కావచ్చు; ఎంత చౌకగా వచ్చినా ఆ సైకిల్ మనకు వద్దు.

చైను సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చూపుకు బాగానే ఉండి లోలోపల అరిగిపోయే భాగం అదే. ఒక స్కేలు తీసుకుని దాని సున్నా గీతను, చైను లంకెలను కలిపే ఒక పిన్ను మధ్యకు సరిగ్గా ఆనించండి. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం దూరం ఉంటుంది కాబట్టి, ఆ మొదటి పిన్నును వదిలి లెక్కిస్తే 24వ పిన్ను మధ్యభాగం 12 అంగుళాల గీత మీద పడాలి. పిన్నులు అరిగే కొద్దీ ఈ దూరం పెరుగుతుంది. ఆ పిన్ను గీతను దాటి అంగుళంలో 16వ వంతు ముందుకు జరిగి ఉంటే చైను మార్చాలి. 8వ వంతు దాకా జరిగి ఉంటే వెనుక పళ్ళ చక్రాలు కూడా దానితోపాటే అరిగి ఉంటాయి గనుక కొత్త చైను వాటి మీద నిలవక జారుతుంది. బేరం కుదుర్చుకునేటప్పుడు ఈ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

బ్రేకు రబ్బర్లు గట్టిపడినా, వాటి మీది గాడులు అరిగిపోయినా ఆలోచించకుండా మార్చేయండి. తీగలు తుప్పుపట్టి ఉంటే వాటినీ, వాటి తొడుగులనూ కలిపి మార్చండి. రబ్బరు రిమ్మును ఒరుసుకునే రకం బ్రేకులైతే, రిమ్ము పక్కభాగం మీద వేలు నిలువుగా జరిపి చూడండి. అది లోపలికి గుంటపడినట్టు తగిలితే ఆ రిమ్ముకు ఆయువు తీరినట్టే.

టైరు పక్కన 37-622 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. కొత్త టైరుకు రెండో అంకె కచ్చితంగా కలవాలి. మొదటిదాన్ని ఫ్రేములో చోటునూ రిమ్ము వెడల్పునూ బట్టి మార్చుకోవచ్చు. రోజువారీ ప్రయాణానికి 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు, పెద్ద గడ్డలు లేని నునుపు టైరు మేలని నా అభిప్రాయం. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి దాకా గాలి కొట్టించాలనే నియమమేమీ లేదు. ఆ పరిమితికి కొంత తక్కువగా ఉంచితే గతుకుల అదురు బాగా తగ్గుతుంది.

ఇక అమర్చుకునే వస్తువులు. అన్నిటికన్నా ముందు పూర్తి పొడవు మడ్‌గార్డులు వేయించండి. వాన ఆగిపోయినా రోడ్డు మీది నీళ్ళు ఆగవు. వెనుక చక్రం వాటిని వీపు మీదికీ, ముందు చక్రం బూట్ల మీదికీ చైను మీదికీ చిమ్ముతాయి. మడ్‌గార్డు టైరు కంటే సుమారు 10 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి, ముందుదాని కొస వీలైనంత కిందికి దిగాలి. తరువాతిది క్యారియర్. వెనుక ఇరుసు దగ్గరా సీటు కిందా ఫ్రేముకు మరలు బిగించే రంధ్రాలు ఉన్నాయేమో కొనేటప్పుడే చూసుకోండి. బరువును వీపు మీద మోస్తే చెమటతో చొక్కా తడుస్తుంది, మెడ నొప్పి పుడుతుంది; అదే బరువు క్యారియర్‌కు తగిలించిన సంచిలో చక్రం పక్కన కిందుగా వేలాడితే సైకిల్ నిలకడగా పోతుంది. సంచి తగిలించాక పెడల్ వెనక్కి వచ్చినప్పుడు మడమ దానికి తగలకుండా కొద్దిగా వెనక్కి జరపండి.

ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉండాలి. ముందు దీపాన్ని కాస్త కిందికి వంచి పెట్టండి, ఎదురుగా వచ్చేవారి కళ్ళలో కొట్టకూడదు. బెల్లు ఎలాగూ ఉండాలి. తాళం గట్టిది కొని, ఫ్రేమునూ వెనుక చక్రాన్నీ కలిపి కదలని స్తంభానికి వేయండి. హెల్మెట్ మాత్రం పాతది తీసుకోవద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది గాని లోపలి ఫోమ్ పొర నలిగి ఉండవచ్చు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు స్ప్రింగు పెట్టించుకోవాలన్న కోరిక వదులుకోండి. చౌక రకం స్ప్రింగు ఫోర్కులు బరువెక్కువ, వెడల్పు టైరు చేసే మేలుకు వాటి వల్ల కలిసివచ్చేది కొంచెమే.

పెడళ్ళు మార్చుకునేవారు ఎడమ పెడల్ మర తిరకాసు మర, అంటే మామూలు మరకు ఎదురు దిశలో తిరిగేది, అని గుర్తుంచుకోండి. మామూలుగా తిప్పి బలవంతం చేస్తే పెడల్‌ను పట్టి ఉంచే క్రాంకు కడ్డీలోని మరలు పాడవుతాయి. సీటు ఎత్తుకు తేలికైన కొలత ఉంది: సీటు మీద కూర్చుని, అట్టడుగున ఉన్న పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు గొట్టం మీది హద్దు గీత బయటపడేంత ఎత్తు మాత్రం లేపవద్దు.

అన్నీ బిగించాక మొదటి ప్రయాణాన్ని సెలవు రోజున పెట్టుకోండి. మామూలుగా తీసుకువెళ్ళే పుస్తకాలూ, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, వెళ్ళవలసిన దారిలోనే పోయిరండి. బరువుతో బ్రేకులు ఎంత దూరంలో ఆపుతాయో అప్పుడే తెలుస్తుంది. కొత్త తీగలు మొదటి కొద్ది రోజుల్లో సర్దుకుని కొంచెం వదులవుతాయి, గేర్లు తడబడతాయి. గేరు తీగ చివరి బిగింపు మరను కొంచెం కొంచెంగా తిప్పితే అవి కుదురుకుంటాయి. ఆ పని చేసేటప్పుడే క్యారియర్, మడ్‌గార్డుల మరలను కూడా మరొకసారి బిగించండి.

ఇట్లు,
మీ పెదనాన్న