టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో మనుషులు మారే వేళ: అపోహలు – వాస్తవాలు

మున్సిపాలిటీల్లో ఇళ్ల అనుమతులు, అనుమతి లేని కట్టడాలు, ఆక్రమణల సంగతి చూసే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో బదిలీలు ఎక్కువగా వేసవిలో జరుగుతాయి. గోదావరి డెల్టాలో ఇళ్ల పనులు జోరుగా సాగేదీ సంక్రాంతి నుంచి తొలకరి దాకానే. అంటే టీపీఓ (టౌన్ ప్లానింగ్ అధికారి) రిలీవై, టీపీబీఓ (టౌన్ ప్లానింగ్, బిల్డింగ్ ఓవర్సీర్) పూర్తి అదనపు బాధ్యతల్లో ఉండి, వార్డు కార్యదర్శుల్లో సగం మంది కొత్తవాళ్లైన సమయంలోనే ఊళ్లో శ్లాబులు పడుతుంటాయి. అమలాపురం, మండపేట, రామచంద్రపురం, నరసాపురం, నిడదవోలు లాంటి పట్టణాల్లో ఈ సెక్షన్‌లోని రెగ్యులర్ సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇద్దరు కదిలితే సెక్షన్ మొత్తం కదిలినట్టే. చట్టం పుస్తకంలో ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చినవారు చదువుకోగలరు. ఏ కేసు ఏ తేదీ దగ్గర ఆగిందో మాత్రం వెళ్లేవారితోనే వెళ్లిపోతుంది. సెక్షన్‌ను తిరిగి సర్దుకోవడమంటే మొట్టమొదట ఆ తేదీలను కాపాడుకోవడం.

అపోహ: కొత్త అధికారి వచ్చేదాకా ఫైళ్లు కదపకుండా ఉంచడమే క్షేమం.

వాస్తవం: ఫైలు ఆగినా కట్టడం ఆగదు. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న శ్లాబుకు ప్రాప్‌లు (కింద నిలబెట్టే ఊతలు) 7 రోజులు ఉంచితే చాలు, అంతకు మించితే 14 రోజులు. రిలీవింగ్, జాయినింగ్, చార్జి తీసుకోవడం, ఊరు తిరిగి చూడటం అన్నీ కలిపి నెల గడిస్తే పిల్లర్ల దశలో ఉన్న అనుమతి లేని అంతస్తు శ్లాబు దాకా వచ్చేస్తుంది. పిల్లర్ల దగ్గర నోటీసుతో ఆగిపోయేది శ్లాబు పడ్డాక ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారమవుతుంది.

అందుకే రిలీవింగ్ రోజునే కమిషనర్ సంతకంతో ఆఫీసు ఉత్తర్వు ఉండాలి. పని ఆపమని నోటీసు ఎవరు సిద్ధం చేస్తారు, టప్పాలు (వచ్చిన ఉత్తరాలు) ఎవరు చూస్తారు, కోర్టు వాయిదాలకు స్టాండింగ్ కౌన్సిల్‌తో (మున్సిపాలిటీ లాయరుతో) ఎవరు మాట్లాడతారు అన్న మూడింటికీ అందులో మూడు పేర్లు రాయాలి. పాత అధికార బదలాయింపు ఉత్తర్వులు వ్యక్తి పేరు మీద ఉన్నాయా, హోదా మీద ఉన్నాయా అన్నది కూడా అదే రోజు చూసుకోవాలి. పేరు మీద ఉంటే ఆ మనిషి వెళ్లాక అదే పని చేసే కొత్తవారి సంతకానికి బలం లేదని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతారు.

అపోహ: చార్జి లిస్టు మీద ఇద్దరి సంతకాలూ పడితే అప్పగింత అయిపోయినట్టే.

వాస్తవం: సాధారణంగా చార్జి లిస్టులో ఉండేది రిజిస్టర్ల పేర్లు, ఫైళ్ల సంఖ్య, బీరువా తాళాలు. "అనధికార కట్టడాల రిజిస్టరు – 1" అని రాసి సంతకం పెడితే ఆ రిజిస్టర్లో ఏముందో ఎవరికీ అప్పగించినట్టు కాదు. అసలు అప్పగించాల్సింది కేసువారీ పట్టిక. ఒక్కో కేసుకు ఒక్కో వరుస ఉండాలి. అందులో వార్డు, డోర్ నంబరు, ఆర్ఎస్ (రీసర్వే) నంబరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ ఉన్న చివరి ఫోటో, ఆ రోజుకు కట్టడం ఏ దశలో ఉంది, నోటీసు తేదీ, అది అందిన తేదీ, ఎలా అందింది, వివరణ వచ్చిందా, విచారణ ఎవరు జరిపారు, ఖరారు ఉత్తర్వు తేదీ, కోర్టు కేసు నంబరు, స్టే ఉంటే దాని షరతు, తర్వాత చేయాల్సిన పని, దానికి గడువు తేదీ ఉండాలి. ఆఖరి రెండు గడులు ఖాళీగా ఉన్న వరుసను తీసుకోనని కొత్తవారు చెప్పగలగాలి.

ఈ పట్టికను ఆఫీసులో కూర్చుని నింపితే తప్పుల తడక అవుతుంది. రిజిస్టరు, కాగితపు ఫైలు, ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్, స్థలం అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఇద్దరిద్దరితో రెండు బృందాలు కట్టి, ఒక్కో బృందం రోజుకు రెండు వార్డులు తిరిగితే 30 వార్డుల పట్టణం 8 పనిదినాల్లో పూర్తవుతుంది. ప్రతి బృందంలో ఒకరు వెళ్లబోయేవారో, పాతవారో అయి ఉండాలి. 30 మీటర్ల టేపు, శాంక్షన్ ప్లాన్ ప్రింటు, లొకేషన్ పడే కెమెరా ఉంటే చాలు. తిరిగొచ్చాక మూడు కట్టలు తేలతాయి. ఫైలూ కట్టడమూ రెండూ ఉన్నవి మొదటిది. ఫైలు ఉండి, కట్టడం ఎప్పుడో సరిదిద్దుకున్నదో పడగొట్టుకున్నదో అయినవి రెండోది; వీటిని ఫోటో, నోట్ పెట్టి మూసేయొచ్చు. కట్టడం ఉండి ఫైలు లేనివి మూడోది. కొత్త అధికారి మొదటి నెల కష్టమంతా ఈ మూడో కట్ట మీదే పెట్టాలి.

లాగిన్ల సంగతి చాలామంది మరిచిపోతారు. బదిలీ అయినవారి ఈ-ఆఫీసు (ఆన్‌లైన్ ఫైళ్ల వ్యవస్థ) ఇన్‌బాక్సులో ఉన్న ఫైళ్లు వాటంతటవి కొత్తవారికి రావు. వెళ్లేలోపే వారు ముందుకు పంపాలి, లేదా అడ్మిన్ ద్వారా మార్పించాలి. డిజిటల్ సంతకం టోకెన్ వ్యక్తిది. "ఓ వారం వాడుకోండి" అని దాన్ని వదిలివెళ్లడం, ఇక్కడున్నవారు వాడటం రెండూ తప్పే. ఆ వారంలో వెళ్లిన ప్రతి అనుమతికీ జవాబు చెప్పాల్సింది సంతకం ఎవరిదో వారే.

అపోహ: విచారణ పాత అధికారి జరిపేశారు, కొత్తవారు ఉత్తర్వు రాస్తే చాలు.

వాస్తవం: సిబ్బంది మారినప్పుడు కేసులు కూలేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు విని మరొకరు తీర్పు చెప్పడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1959లోనే, మన రాష్ట్రం నుంచే వెళ్లిన గుల్లపల్లి నాగేశ్వరరావు – ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కేసులో చెప్పింది. బస్సు రూట్ల జాతీయీకరణ మీద అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఆ పద్ధతి చెల్లదన్నారు. అందుకని విచారణ అయ్యి ఖరారు ఉత్తర్వు పడని కేసులన్నిటినీ విడిగా తీసి, యజమానికి కొత్త తేదీతో మళ్లీ విచారణ నోటీసు ఇవ్వాలి. పది రోజులు ఆలస్యమైనా ఇదే మేలు. వెళ్లేవారి వైపు నుంచి చూస్తే, తాము విన్న కేసుల్లో ఉత్తర్వులు రాసి వెళ్లడం వారు సెక్షన్‌కు చేయగల పెద్ద ఉపకారం.

అపోహ: జేసీబీ పెడితేనే ఎన్‌ఫోర్స్‌మెంట్. కొత్త అధికారి వచ్చిన వారంలోనే ఒకటి కూల్చి చూపిస్తే ఊరు దారికొస్తుంది.

వాస్తవం: ఆ ఒక్కటే తిరగబడి అధికారి సొంత డబ్బు మీదికి రావచ్చు. 1965 మున్సిపాలిటీల చట్టం 228వ సెక్షన్ ప్రకారమే ముందు తాత్కాలిక ఉత్తర్వు, యజమాని వివరణ, ఆ తర్వాత ఖరారు ఉత్తర్వు ఉండాలి. దీనికితోడు 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ మెట్లు కట్టింది. షోకాజ్ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాలి, కట్టడం బయటి గోడకూ అతికించాలి. అందిన రోజు నుంచి 15 రోజులు, లేదా స్థానిక చట్టం ఇచ్చే గడువు, ఏది ఆలస్యమైతే అది ఇవ్వాలి. నోటీసు అందగానే కలెక్టర్ కార్యాలయానికి ఈమెయిల్ వెళ్లాలి. యజమానిని స్వయంగా విని, విన్నది రాసిపెట్టాలి. ఖరారు ఉత్తర్వులో కారణాలుండాలి: ఇది క్రమబద్ధీకరణకు వీలైనదా, కొంత భాగం తీస్తే సరిపోదా, కూల్చడం తప్ప దారి ఎందుకు లేదు. ఆ ఉత్తర్వు అందాక మరో 15 రోజులు ఆగాలి, ఈలోగా యజమాని తానే తీసేసుకోవచ్చు. కూల్చే ముందు ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకాలతో తనిఖీ నివేదిక, కూల్చేటప్పుడు వీడియో, పాల్గొన్న సిబ్బంది, పోలీసుల పేర్లతో నివేదిక ఉండాలి. దీన్ని మీరితే నష్టపరిహారంతో పాటు ఆ కట్టడాన్ని సొంత ఖర్చుతో తిరిగి కట్టించే బాధ్యత అధికారులదే.

సిబ్బంది మారినప్పుడు ఈ గొలుసులో తెగేది సాధారణంగా అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. నోటీసు పాతవారు పంపారు, కార్డు కొత్తవారు వచ్చాక తిరిగొచ్చింది, ఇన్వార్డులో పడి ఏ ఫైలుకూ చేరలేదు. అందిన తేదీ లేకపోతే 15 రోజుల లెక్కే మొదలుకాదు. కార్డులకు విడిగా ఒక ట్రే, దాని మీద ఒక మనిషి పేరు, ప్రతి శుక్రవారం ఫైళ్లతో సరిచూడటం ఉంటే ఈ ఇబ్బంది రాదు. సివిల్ కోర్టులో వేసిన కేవియట్‌కు (మా మాట వినకుండా స్టే ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీకి) కూడా 90 రోజులే ఆయుష్షు. గడువు తేదీ పట్టికలో లేకపోతే కొత్తవారికి తెలియకుండానే అది తీరిపోతుంది, మర్నాడే అవతలివారు స్టే తెచ్చుకుంటారు.

అపోహ: ఊరి హద్దులో ఉంది కాబట్టి కాలువ గట్టూ మున్సిపాలిటీదే.

వాస్తవం: గోదావరి కాలువలు, మురుగు కాలువలు, వాటి గట్లు జలవనరుల శాఖవి. ఊరి మధ్య నుంచి పోయే 216 జాతీయ రహదారి పక్క స్థలం వేరే వారిది, ఆర్ అండ్ బీ రోడ్డు వేరు, దేవాదాయ భూమి వేరు. పక్క పట్టణం నుంచి కొత్తగా వచ్చిన టీపీబీఓ గట్టు మీది షెడ్డుకు మున్సిపల్ నోటీసు ఇస్తే, అధికారం లేదన్న ఒక్క మాటతో అది పోతుంది. అక్కడ షెడ్డు అలాగే ఉంటుంది, పైగా షెడ్డు యజమాని చేతిలో కోర్టు ఉత్తర్వు కూడా ఉంటుంది. వార్డువారీగా ఏ స్థలం ఏ శాఖదో ఒక పటం గీసి గోడకు పెట్టడం కొత్తవారికి చాలా ఉపయోగం. హద్దులు తేల్చడానికి కాలువలు కట్టేసే వేసవి రోజులు మంచి అదను. నీళ్లు లేనప్పుడు గట్టు అడుగు కనిపిస్తుంది, పాత హద్దురాళ్లు దొరుకుతాయి. మండల సర్వేయరు, జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), మున్సిపల్ సిబ్బంది ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) పట్టుకుని కలిసి కొలిచి, అక్కడికక్కడే ముగ్గురూ సంతకం పెట్టాలి.

రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నీటి వనరుల మీది ఆక్రమణలకు పై సుప్రీంకోర్టు మెట్లు వర్తించవన్న మాట నిజమే. దాన్ని "నోటీసే అక్కర్లేదు" అని చదువుకోకూడదు. మామూలు చట్టం అడిగే నోటీసు అలాగే ఉంటుంది.

అపోహ: డ్రైను మీద అరుగు, ర్యాంపు చిన్న విషయాలు. పెద్ద కేసులయ్యాక చూద్దాం.

వాస్తవం: డెల్టాలో ఇదే పెద్ద కేసు. నేల దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, డ్రైనుకు దొరికే వాలు చాలా తక్కువ. భీమవరంలో యనమదుర్రు డ్రైను నిండితే ఊరి నీరు బయటికి పోయే దారి ఉండదు. అలాంటి చోట ఒక ఇంటి ముందు సిమెంటుతో మూసేసిన 3 మీటర్ల శ్లాబు కింద పూడిక పేరుకుంటే, పైనున్న వీధంతా మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. కాలువ పూడికతీత మే నెలలో జరగాలంటే ర్యాంపుల నోటీసులు ఏప్రిల్ సగానికి వెళ్లాలి. బదిలీల హడావుడిలో ఈ గడువే మొదట జారిపోతుంది. కాబట్టి ఉన్న ఇద్దరు ముగ్గురినీ ముందు దీని మీదే పెట్టాలని మా గట్టి అభిప్రాయం.

ఇంట్లోకి బండి పోవడానికి జనానికి దారి కావాలి, అది న్యాయమే. మూసేసిన శ్లాబు బదులు తీసి పెట్టుకునే పలకలు వేయించాలి. 60 సెంటీమీటర్ల చదరం, ఏడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పలక 65–70 కిలోలుంటుంది, ఇద్దరు కొక్కేలతో ఎత్తగలరు. బండ్లు ఎక్కే చోట మందం, ఇనుము ఎంతో మున్సిపల్ ఏఈ చెప్పాలి. తీసిన పూడికను గట్టున ఆరబెట్టి రెండు రోజుల్లో ఎత్తేయాలి, లేకపోతే మొదటి వానకే మళ్లీ డ్రైనులో పడుతుంది. ఈ పనికి ప్లానింగ్, ఇంజనీరింగ్, శానిటేషన్ ముగ్గురూ ఒకే వీధికి ఒకే రోజు రావాలి.

అపోహ: వార్డు ప్లానింగ్ కార్యదర్శులు ఉన్నారు కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: 2019 అక్టోబరులో వచ్చిన సచివాలయాల వల్ల దాదాపు 4,000 జనాభాకు ఒక కన్ను దొరికింది. అది పెద్ద బలం. కానీ సర్వేలు, పింఛన్లు, ఓటర్ల జాబితాల పనులు వారి మీదే పడతాయి. మంగళ, శుక్రవారాల ఉదయాలు క్షేత్ర తనిఖీకేనని కమిషనర్ రాతపూర్వకంగా కేటాయించాలి. సోమవారం అర్జీల రోజు కాబట్టి దాన్ని వదిలేయాలి. చూసి రాసేది కార్యదర్శి, నోటీసు ముసాయిదా, తేదీల లెక్క ఆఫీసులో ఒకే బల్ల దగ్గర, ఉత్తర్వు కమిషనర్‌ది. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పెడితే బేరాలకు తావిచ్చినట్టే, ఆ మనిషి బదిలీ అయితే మూడూ ఒకేసారి ఆగుతాయి. వార్డులు మార్చేటప్పుడు అందరినీ ఒకే వారంలో మార్చకూడదు. సగం మందిని మార్చి, నెల ఆగి మిగతా సగం మార్చాలి.

అపోహ: ఇంటి పన్ను వేశారు, కరెంటు మీటరు ఇచ్చారు, కాబట్టి కట్టడం సక్రమమే.

వాస్తవం: పన్ను వేస్తే అనుమతి వచ్చినట్టు కాదు. నివాసయోగ్యతా పత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. రెవెన్యూ సెక్షన్ కొత్త అసెస్‌మెంట్ల (కొత్తగా పన్ను వేసిన కట్టడాల) జాబితాను నెలకోసారి ప్లానింగ్‌కు పంపితే, ఫైలు లేని కట్టడాలు సగం అక్కడే బయటపడతాయి.

అపోహ: తోపుడు బండ్లు ఎప్పుడైనా తీసేయొచ్చు.

వాస్తవం: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం తరలింపుకు 30 రోజుల నోటీసు కావాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం చేసి ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. కొవ్వూరు, నరసాపురం లాంటి రేవు పట్టణాలు ఘాట్ల దారుల్లో వ్యాపారులకు స్థలాలను టౌన్ వెండింగ్ కమిటీలో (వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే పట్టణ కమిటీలో) ముందుగానే తేల్చుకోవాలి. డిప్యుటేషన్ మీద వచ్చే సిబ్బందికి వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియదు. కార్డుల జాబితా, ఫోటోలు వారి చేతికి మొదటి రోజే అందాలి.