శీలావతి తాతలెవరు?

ఒంగోలు గిత్తను బేరమాడే రైతు, దాని తల్లి ఎవరింటిది, ఏ ఆంబోతుకు పుట్టింది అని తప్పకుండా అడుగుతాడు. అదే రైతు కొల్లేటి పక్కన చెరువు తవ్వి చేపపిల్లలు కొనేటప్పుడు మాత్రం "లక్ష ఎంత?" అంటాడు, అంతే. హేచరీవాళ్లు చిన్న కప్పుతో స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) కొలిచి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పోసిస్తారు. నలుసుల్లా కదిలే ఆ ప్రాణుల అమ్మానాన్నల ఊసు బేరంలోకి రాదు.

ఒకప్పుడు ఆ ఊసు అవసరం కూడా లేదు. బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), ఎర్రమోసు చేపలు చెరువులో ఎంత బాగా పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పరుగు కావాలి. అందుకని వానాకాలంలో నదుల్లో వలలు కట్టి పిల్లలను పట్టేవారు. పనికిరాని చేపల పిల్లలూ వాటితో కలిసి వచ్చేవి, అది వేరే తలనొప్పి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి కలిసి, చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి కార్పు చేపతో గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నాం. తర్వాత గుండ్రటి చైనా హేచరీలు, రెడీమేడ్ హార్మోన్ మందులు వచ్చాయి. సాయంత్రం సూది వేస్తే తెల్లారేసరికి గుడ్లు.

నదితో పని లేకుండా పోయింది. అయితే నది ఊరికే చేసిపెట్టే పని ఒకటి దాంతోపాటే ఆగిపోయింది. వరదలో లెక్కలేనన్ని ఆడ, మగ చేపలు కలుస్తాయి, రక్తం కలగలుస్తుంది. హేచరీలో అలా కాదు. శీలావతి ఆడచేప కిలో బరువుకు రెండు లక్షల గుడ్ల దాకా పెడుతుంది. కోటి స్పాన్ కావాలన్నా కొన్ని పదుల తల్లులు చాలు. మరి వందల చేపల్ని పోషించి మేత ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ కొద్ది తల్లుల పిల్లలే మళ్లీ తల్లులయ్యాయి, అక్కలూ తమ్ముళ్లే జతకట్టారు. పైగా బాగా ఎదిగిన చేప మార్కెట్‌కు పోతుంది, మిగిలిన పొట్టిది తల్లిచేప అవుతుంది. కావాలని చేసింది కాదుగానీ, ఇదీ ఎంపికే, తిరగేసిన ఎంపిక. ఒకే తొట్టిలో బొచ్చె, శీలావతి కలిపి వదిలితే సంకరాలు పుడతాయి. అవి గొడ్డుబోవు, పిల్లలను కంటాయి. అలా రెండు జాతులూ కలిసిపోతాయి.

అంబేకర్ ఎక్‌నాథ్, రోజర్ డోయల్ కర్ణాటక హేచరీలను పరిశీలించి 1990లో రాసిన పరిశోధనలో ఈ దగ్గరి రక్తం కలయిక రేటు 2 నుంచి 17 శాతం దాకా ఉందని లెక్కగట్టారు. హేచరీవాళ్లను తిట్టి లాభం లేదనుకుంటాను. వంశానికి ధర కట్టే కొనుగోలుదారు లేనప్పుడు వాళ్లు మాత్రం ఎందుకు చూస్తారు?

1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి మేలైన శీలావతి వంశాన్ని తయారుచేసే పని మొదలుపెట్టింది. సాల్మన్ చేపకు 1970ల్లోనే నదుల నుంచి తల్లిచేపల్ని తెచ్చి, కుటుంబాలవారీగా ఎంచుకుంటూ పోయిన అనుభవం నార్వేవాళ్లది. ఇక్కడ గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల శీలావతిని తెచ్చి, ఫారంలో ఉన్నదాన్నీ చేర్చారు. ఒక్కో జత తల్లిదండ్రుల పిల్లలను, గుర్తు వేయగలిగే సైజు వచ్చేదాకా విడిగా పెంచుతారు. తర్వాత ఒక్కోదాని పొట్టలోకి బియ్యపు గింజంత గాజు చిప్‌ను సూదితో ఎక్కించి, అందరినీ ఒకే చెరువులో వదులుతారు. పెరిగాక రీడర్ దగ్గర పెడితే నంబరు పలుకుతుంది, ఏ ఇంటి పిల్లో, ఎంత బరువో తేలిపోతుంది. మేలైన ఇళ్ల నుంచి మేలైన పిల్లలు తర్వాతి తరానికి తల్లులు. ఒక్కో తరానికి సగటున 17 శాతం దాకా ఎదుగుదల మెరుగైంది. 1997లో, స్వాతంత్ర్యానికి 50 ఏళ్ల సందర్భంగా, ఈ మేలురకం శీలావతికి జయంతి రోహు అని పేరు పెట్టారు. తర్వాత రోగాలను తట్టుకునే గుణం మీదా దృష్టి పెట్టారు. బొచ్చె వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. దాని మేలురకానికి పెట్టిన అమృత్ కట్ల అనే పేరులోనే స్వాతంత్ర్యపు 75 ఏళ్ల అమృతోత్సవం వినిపిస్తుంది.

ఆంధ్ర చెరువుల్లో ఎక్కువ భాగం శీలావతే కాబట్టి జయంతికి ఇక్కడ గిరాకీ ఉండటం సహజం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే అవకాశమూ అంతే సహజం. హేచరీ ఒకసారి అసలు విత్తనం తెచ్చుకుని, ఆ తర్వాత సొంత చెరువులోని పిల్లలతోనే తరాలు గడిపితే పాత కథే మళ్లీ మొదలవుతుంది. అందుకే కౌసల్యగంగలో జాతీయ స్థాయి తల్లిచేపల బ్యాంకు పెట్టారు, తల్లిచేపల మందను మార్చుకుంటూ ఉండమని హేచరీలకు చెప్పేదీ అందుకే. చిప్ తల్లిచేప పొట్టలో ఉంటుంది, సంచిలోని స్పాన్‌లో ఉండదు. ఆ వయసులో జయంతీ, మామూలు శీలావతీ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా రైతుకు తెలిసేది పట్టుబడి రోజున, మేత బిల్లు పక్కన పెట్టి కాటా చూసుకున్నప్పుడు.