ఎంటర్ కొడితే కర్సర్ ఎక్కడ ఆగాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక చిన్న ల్యాబ్‌లో సాయంత్రాలు పైథాన్ చెబుతుంటాను. పోయిన వారం ఒకమ్మాయి ఐదు సబ్జెక్టుల మార్కులు కూడే ఫంక్షన్ రాసింది. ఎన్నిసార్లు రన్ చేసినా మొదటి సబ్జెక్టులో వచ్చిన 78 మాత్రమే చూపిస్తోంది. కూడిక తప్పేమీ లేదు. ఫర్ లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) చివరి లైను రాసి ఎంటర్ కొడితే ఎడిటర్, అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్, కర్సర్‌ని లూప్ లోపలే నిలబెట్టింది. పాప అక్కడే రిటర్న్ అని కొట్టేసింది. రిటర్న్ అంటే జవాబు ఇచ్చేసి ఫంక్షన్ అక్కడితో ఆగిపోతుంది, అందుకే మొదటి సబ్జెక్టు దగ్గరే ఆగింది. నాలుగు స్పేసులు వెనక్కి జరిపితే సరిపోయింది.

"ఎడిటరే జరపాల కదా సార్?" అంది. ఈ గొడవ ఇప్పటిది కాదు.

పంచ్ కార్డుల రోజుల్లో ఫోర్ట్రాన్ భాషలో వాక్యాన్ని 7 నుంచి 72 దాకా ఉన్న గళ్లలోనే రాయాలి. ఆ ముందు ఖాళీ మెషీన్ పెట్టిన షరతు. సీ లాంటి భాషల్లో ఆ షరతు పోయింది. బ్లాకు, అంటే కలిసి నడిచే లైన్ల గుంపు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఫ్లవర్ బ్రాకెట్లు చెప్పేస్తాయి, ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) చదివేవాళ్ల సౌకర్యానికే. అందుకే 1970ల్లో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్‌లో ఆటోఇండెంట్ చేసే పని చాలా చిన్నది: పై లైను ముందు ఎంత ఖాళీ ఉందో కింద అంతే వదలడం. మా తరం డిగ్రీలో నీలం తెర టర్బో సీలో చూసిందీ దాదాపు అదే.

దీంతో ఒక తమాషా చిక్కు వచ్చింది. టెర్మినల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే కమాండ్ తెర) నడిచే ఎడిటర్‌కి మనం టైప్ చేస్తున్నామో పేస్ట్ చేస్తున్నామో తెలియదు. పేస్ట్ చేసిన లైను తన ఖాళీతో తాను వస్తుంది, ఎడిటర్ పై లైను ఖాళీని దానికి కలుపుతుంది. లైను లైనుకీ కోడ్ కుడికి జరిగిపోతుంది. మా ల్యాబ్‌లో దీని పేరు అలిపిరి మెట్లు. వీఐకి వారసుడైన విమ్‌లో దీనికోసమే పేస్ట్ అనే సెట్టింగ్ పెట్టాల్సి వచ్చింది. తర్వాత టెర్మినళ్లే పేస్ట్‌కి ముందూ వెనకా గుర్తులు పంపడం నేర్చుకున్నాయి.

ఆ తర్వాతి మెట్టు ప్యాటర్న్‌లు. లైను తెరిచే ఫ్లవర్ బ్రాకెట్‌తో ముగిస్తే లోపలికి, మూసే బ్రాకెట్‌తో మొదలైతే బయటికి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఇప్పటికీ చాలా భాషలకు ఇలాంటి రూల్సే రాస్తారు. ఇవి ఒక్కో లైను ఆకారాన్నే చూస్తాయి కాబట్టి కామెంట్లో (మనుషుల కోసం రాసే గమనిక) ఉన్న బ్రాకెట్‌ని కూడా నిజం బ్రాకెట్ అనుకునే ప్రమాదం ఉంది.

1991లో వచ్చిన పైథాన్ బ్లాకులకు అసలు బ్రాకెట్లే తీసేసింది. ఖాళీయే అర్థమైపోయింది. ఈ ఆలోచనకు కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ లాండిన్ 1966లోనే ఫుట్‌బాల్ నుంచి తెచ్చి ఆఫ్‌సైడ్ రూల్ అని పేరు పెట్టాడు. నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. కోలన్ చూసి బ్లాకు తెరుచుకుందని ఎడిటర్ చెప్పగలదు. రిటర్న్, బ్రేక్ తర్వాత ఒక మెట్టు వెనక్కి రావచ్చు. మామూలు లైను తర్వాత లూప్ అయిపోయిందా లేదా అన్నది మాత్రం రాసేవాళ్ల మనసులోనే ఉంటుంది. సేవ్ చేసినప్పుడు కోడ్ సర్దే ఫార్మాటర్లూ పాప రిటర్న్‌ని కదిలించవు, ఎందుకంటే అదీ చెల్లుబాటయ్యే ప్రోగ్రామే.

బ్రాకెట్లు వాడే భాషైతే నిశ్చింత అనుకోవద్దు. యాపిల్ భద్రతా కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే లైను రెండుసార్లు పడి ఉందని 2014లో బయటపడింది. రెండోది ఇఫ్ లోపల ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి బయట ఉంది, కాబట్టి ఎప్పుడూ నడిచేస్తుంది. దాంతో సర్టిఫికెట్ తనిఖీలో ముఖ్యమైన భాగమే జరగకుండా పోయింది. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే సీ కంపైలర్ ఇలా కళ్లను మోసం చేసే ఇండెంటేషన్‌పై హెచ్చరించడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ట్రీ సిట్టర్ అనే కోడ్ చదివే సాధనం వచ్చింది. గిట్‌హబ్ వాళ్ల ఆటమ్ ఎడిటర్‌తో బయటికొచ్చి, 2023లో ఈమాక్స్ అనే పాత ఎడిటర్ 29వ వెర్షన్‌లోకీ చేరింది. కోడ్ మొత్తాన్ని వాక్యనిర్మాణ వృక్షంగా చదివి, మనం మార్చిన మేరకే మళ్లీ చదువుతుంది. ప్యాటర్న్‌ల కంటే చాలా నయం. కానీ మనం ఎంటర్ కొట్టే క్షణానికి కోడ్ సగమే ఉంటుంది, వృక్షమూ సగం విరిగే ఉంటుంది. తెలియని చోట ఎడిటర్ మన ఖాళీని ముట్టుకోకపోవడమే మేలని నాకనిపిస్తుంది.

ప్రస్తుతానికి ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌లోనూ ఇండెంట్ గీతలు ఆన్ చేశాను. పాప ఇప్పుడు రిటర్న్ కొట్టే ముందు గీత ఎక్కడుందో చూసి, షిఫ్ట్ ట్యాబ్ నొక్కుతోంది.