యంత్రంతో పాటే తిరిగే ఆయిల్ పంపు

పెద్ద టర్బైన్‌లో తిరిగే భాగమైన రోటర్ బరువు టన్నుల్లో ఉంటుంది. అది నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు దాన్ని మోసేది ఉక్కు కాదు, ఆయిల్. రోటర్ ఇరుసైన షాఫ్ట్‌కీ, దాన్ని పట్టి ఉంచే బేరింగ్‌కీ మధ్య నిలిచే ఆ ఆయిల్ పొర అతి పలుచగా ఉన్న చోట మైక్రాన్లలోనే కొలవాలి. అది చెదిరితే లోహం లోహాన్ని రాసుకుంటుంది. బేరింగ్ లోపలి పూత బాబిట్ అనే మెత్తటి మిశ్రలోహం. తగరం ప్రధానంగా ఉండే రకమైతే 240 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే కరగడం మొదలుపెడుతుంది.

ఆ పొరకు అంత బలం ఎక్కడిది? పంపు ఒత్తిడి వల్లే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు 1883లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ సంగతి అనుకోకుండా బయటపడింది. రైలు ఇరుసుల బేరింగ్‌ల వంటివాటిని ఆయన పరీక్షిస్తున్నారు. షాఫ్ట్ కింది భాగం ఆయిల్‌లో మునిగి తిరుగుతుంటే, బేరింగ్ పైన వేసిన రంధ్రంలోంచి ఆయిల్ పైకి ఉబికి వచ్చింది. బిరడా కొడితే దాన్నీ నెట్టేసింది. ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే, బేరింగ్ మీద పడుతున్న సగటు ఒత్తిడికి రెట్టింపు దాటింది. షాఫ్టే తన తిరుగుడుతో ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుని ఆ ఒత్తిడిని పుట్టిస్తోందన్నమాట. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సూత్రం ఇచ్చారు.

మరి పంపు ఎందుకు? పొర నుంచి ఆయిల్ అంచుల గుండా నిరంతరం కారిపోతుంది, వేడెక్కుతుంది. ఆ లోటు పూడ్చడం, వేడిని మోసుకుపోవడం పంపు పని. అందుకే పొరలో ఒత్తిడి పదుల బార్‌లలో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఉన్నా, టర్బైన్ బేరింగ్‌కు ఒకటి రెండు బార్‌లతో ఆయిల్ అందిస్తే చాలు.

ఆ పంపును యంత్రం షాఫ్ట్‌తోనే తిప్పడం నా దృష్టిలో చాలా తెలివైన ఏర్పాటు. వేరే మోటారు, కరెంటు, స్విచ్ అక్కర్లేదు. యంత్రం తిరుగుతున్నంతసేపూ పంపూ తిరుగుతుంది, వేగం పెరిగితే ఆయిల్ కూడా పెరుగుతుంది. ఎక్కువగా కనిపించేది గేర్ పంపు. ఇందులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతాయి. ఆయిల్ వాటి మధ్య నుంచి పోదు. పళ్ల సందుల్లో చిక్కి, చక్రాల బయటి వైపు నుంచి కేసింగ్ అంచు వెంబడి అవతలికి చేరుతుంది. పళ్లు కలిసే చోట ఖాళీ మిగలదు కాబట్టి వెనక్కి రాలేదు. దారి మూసుకుపోయినా ఈ పంపు తోస్తూనే ఉంటుంది. అందుకే ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి.

పిస్టన్ కంప్రెసర్ల సిలిండర్లకు మాత్రం ధార కాదు, లెక్కపెట్టిన చుక్కలు కావాలి. అక్కడ పెట్టెలాంటి లూబ్రికేటర్ ఉంటుంది. లోపల క్యామ్ అనే ఉబ్బెత్తు చక్రం తిరుగుతూ, ఆయిల్‌ను నెట్టే ఒక్కో చిన్న కడ్డీని (ప్లంజర్) ఎత్తి దించుతుంది, ఒక్కో ప్లంజర్‌కు ఒక్కో పైపు. గాజు గొట్టంలో పడే చుక్కలను ఆపరేటర్ కంటితో చూసి, స్క్రూ తిప్పి ప్లంజర్ స్ట్రోక్‌ను తగ్గిస్తాడు, పెంచుతాడు. తక్కువైతే పిస్టన్ రింగులు అరుగుతాయి, ఎక్కువైతే వాల్వ్‌ల మీద మసి పేరుకుంటుంది. ఆవిరి రైలింజన్లలోనూ ఇలాంటి పెట్టే ఉండేది. ఇంజన్ కదలికనే ఒక కడ్డీ దానికి అందించేది. బండి ఆగితే ఆయిలూ ఆగేది.

అయితే షాఫ్ట్‌తో తిరిగే పంపుకు రెండు గండాలున్నాయి. ఆగి ఉన్న షాఫ్ట్ బేరింగ్ అడుగున లోహం మీదే ఆని ఉంటుంది, పంపు ఇంకా తిరగదు. ఆయిల్ అన్నిటికన్నా అవసరమైన క్షణంలో అదే లేదు. అందుకే ముందుగా ఎలక్ట్రిక్ పంపుతో ఆయిల్ నింపుతారు. పెట్టె లూబ్రికేటర్‌కైతే చేత్తో తిప్పే పిడి ఉంటుంది. టర్బైన్ షాఫ్ట్ మీద సెంట్రిఫ్యూగల్ పంపు (రెక్కల చక్రం తిప్పి ఆయిల్‌ను బయటికి విసిరే రకం) ఉంటే, అది గాలిని పీల్చి తొలగించజాలదు, దాని సక్షన్ వైపు, అంటే ఆయిల్ లోపలికి వచ్చే వైపు కూడా ముందే ఆయిల్ నిండి ఉండాలి.

రెండో గండం ఆగేటప్పుడు. పెద్ద రోటర్ వెంటనే నిలవదు, పదుల నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ పంపు బలహీనపడుతుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోగానే మామూలు ఏసీ కరెంటుతో నడిచే పంపు దానంతటదే మొదలవ్వాలి. కరెంటే లేకపోతే బ్యాటరీల మీద నడిచే డీసీ పంపు అందుకోవాలి. ఈ మార్పిడి జరుగుతుందా లేదా అన్నది కాగితం మీద కాదు, ఒత్తిడిని నిజంగా తగ్గించి పరీక్షించాలి. రోటర్ ఆగాక కూడా అది వంగిపోకుండా టర్నింగ్ గేర్ అనే మోటారు ఏర్పాటుతో మెల్లగా తిప్పుతారు. వేడి షాఫ్ట్ గుండా బేరింగ్‌లకు చేరుతూనే ఉంటుంది కనుక, ఆ గంటలన్నీ ఆయిల్ అందించాల్సింది మోటారు పంపే.