పియానో టీచర్‌ను దేంతో కొలవాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలులో పియానో నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్ళు ఫీజు కంటే ముందు అడిగే మాట ఒకటుంది. "మేడమ్, మీ దగ్గర నేర్చుకున్నోళ్ళలో పేరొచ్చినోళ్ళు ఎవరన్నా ఉండారా?" బిడ్డ భవిష్యత్తు మీద బెంగతో అడిగే ప్రశ్న అది, తప్పుబట్టను. కానీ దాని వెనక చాలా అపోహలు పేరుకుపోయి ఉన్నాయి. నాకు తెలిసినవి చెబుతాను.

అపోహ: గొప్పగా వాయించేవాళ్ళే గొప్పగా నేర్పగలరు.

వాస్తవం: పియానో టీచర్‌గా పేరు తెచ్చుకున్న రోజీనా లెవీన్ 1880లో కీవ్‌లో పుట్టారు. 1898లో మాస్కో కన్సర్వేటరీలో బంగారు పతకంతో చదువు ముగించి, అదే ఏడాది పియానిస్టు జోసెఫ్ లెవీన్‌ను పెళ్ళి చేసుకున్నారు. భర్తతో పోటీ వద్దనుకుని తన సోలో కచేరీలు మానుకున్నారు. 1924 నుంచి ఇద్దరూ న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పారు. పేరు ఆయనది, ఆయన కచేరీలకు ఊళ్ళు తిరుగుతుంటే శిష్యుల్ని చూసుకున్నది ఈమె. 1944లో ఆయన పోయేనాటికి ఈమెకు అరవై దాటాయి. ఆ తర్వాతే ఆమె సొంత తరగతికి పేరొచ్చింది. ఆమె శిష్యుడు వాన్ క్లైబర్న్ 1958లో మాస్కోలో జరిగిన తొలి చైకోవ్‌స్కీ పోటీ గెలిచాడు. ఇంకో శిష్యుడు గారిక్ ఓల్సన్ 1970లో వార్సాలో షోపాన్ పోటీ గెలిచాడు. ఆమె దగ్గరే పియానో నేర్చుకున్న జాన్ విలియమ్స్ హాలీవుడ్ సినిమా సంగీతంలో స్థిరపడ్డాడు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఆమె తొలిసారి వాయించింది మాత్రం 1963లో, 82 ఏళ్ళ వయసులో.

వాయించడం ఒక విద్య. ఎదుటివాళ్ళ చేతిలో తప్పు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం ఇంకో విద్య. రోజూ నా గదిలో జరిగేదే చెబుతాను. కుడిచేత్తో సి మేజర్ స్కేల్ వాయించాలి, మన శంకరాభరణం స్వరాలే. స, రి, గ లకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు సరిపోతాయి. మ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు నడిమివేలి కిందుగా దూరి రావాలి. ఆ వేలు బరువైనది, పైగా కంగారుగా వచ్చి పడుతుంది. దాంతో స, రి, గ మెత్తగా పలికి, మ మాత్రం ఠక్కున తన్నుతుంది. "మెల్లగా కొట్టు" అని వందసార్లు చెప్పినా లాభం ఉండదు. చేతులు ఒళ్ళో పెట్టించి నాలుగు స్వరాలూ పాడమంటాను. గొంతులో మ తన్నదు. "ఇప్పుడు పాడినట్టే వాయించు" అంటాను. మోచెయ్యి కాస్త ముందే కదులుతుంది, బొటనవేలు తొందర లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఈ కిటుకు నాది కాదు. శనివారం రాత్రి రైలెక్కి బెంగళూరు పోయి నేర్చుకునే రోజుల్లో మా మేడమ్ నా చేతులు అలాగే ఒళ్ళో పెట్టించారు.

అపోహ: అసలు చదువు పెద్ద ఊళ్ళో ప్రొఫెసర్ దగ్గరే. చిన్న ఊరి టీచర్ బేసిక్స్ వరకే.

వాస్తవం: క్లైబర్న్ సంగతే మళ్ళీ చూడండి. జూలియార్డ్‌లో రోజీనా దగ్గరికి వచ్చేనాటికి అతనికి పదిహేడేళ్ళు. అంతకుముందు, మూడేళ్ళ వయసు నుంచి, నేర్పింది వాళ్ళమ్మ రిల్డియా బీ. అదీ ఎక్కువకాలం టెక్సస్‌లో కిల్గోర్ అనే చిన్న ఊళ్ళో. ఆమె ఆర్థర్ ఫ్రీడ్‌హైమ్ శిష్యురాలు. ఫ్రీడ్‌హైమ్ పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్ శిష్యుడు, లిస్ట్ కార్ల్ చెర్నీ శిష్యుడు, చెర్నీ స్వరకర్త బీథోవెన్ శిష్యుడు. మన త్యాగరాజస్వామి నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గార్ల మీదుగా బాలమురళీకృష్ణ దాకా పరంపర వచ్చినట్టే. బీథోవెన్ చేతి నుంచి వచ్చిన దారి కిల్గోర్‌లో ఒక అమ్మ గదిలోంచి కూడా పోయింది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు చెన్నైకో, బెంగళూరుకో వెళ్తుంటే నాకు బాధ ఉండదు. కాకపోతే వంకర వేళ్ళతో, వినని చెవులతో పంపకూడదు. పదిహేడేళ్ళకు గట్టిపడిన అలవాటును మార్చడానికి ఎంత పెద్ద ప్రొఫెసరైనా చాలా తిప్పలు పడాలి.

అపోహ: కీబోర్డు, పియానో ఒకటే.

వాస్తవం: కాదు. పియానోలో మీట నొక్కితే ఫెల్ట్ సుత్తి పోయి తీగను కొడుతుంది. ఎంత వేగంగా నొక్కామో అంత గట్టిగా పలుకుతుంది. 61 మీటల చవక కీబోర్డుల్లో చాలావాటికి ఎలా నొక్కినా ఒకటే శబ్దం. నేర్చుకోవడానికి అసలు పియానోలా బరువుగా నొక్కుకునే 88 మీటలున్న డిజిటల్ పియానో తీసుకోమంటాను. అసలు పియానో అయితే మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. 200 పైచిలుకు తీగల నాదాన్ని పెంచే లోపలి చెక్క మే నెల పొడిగాలికి కుంచించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. రెండుసార్లూ శ్రుతి మారుతుంది. ట్యూనర్ పొరుగూరి నుంచి రావాలి.

అపోహ: గ్రేడ్ 8 అయిపోతే చదువు అయిపోయినట్టే.

వాస్తవం: సంగీత పరీక్షలు పెట్టే లండన్ బోర్డులు ట్రినిటీ అయినా, ఏబీఆర్‌ఎస్‌ఎం అయినా, గ్రేడుల్లో చివరిదైన గ్రేడ్ 8 తర్వాత డిప్లొమాలు అంచెలంచెలుగా ఉన్నాయి. ప్రతి గ్రేడుకూ ప్రధానంగా మూడు పీసులు. ఏడాదంతా ఆ మూడే రుద్ది సర్టిఫికెట్ తెచ్చుకుని, కొత్త కాగితం ముందు పెడితే నాలుగు లైన్లు చదవలేని పిల్లల్ని చూశాను. ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకు తగిలించడం చూస్తే నాకు దిగులేస్తుంది.

అపోహ: కచేరీ చెయ్యకపోతే నేర్చుకున్నదంతా వృథా.

వాస్తవం: నా మనసును ఎక్కువ నొప్పించేది ఇదే. ఎనిమిదేళ్ళు నేర్చుకున్న ఒకబ్బాయిని, "స్టేజీ మీద కనపడకుండా ఎన్నాళ్ళు కట్టాలి ఫీజు" అని వాళ్ళ నాన్న మాన్పించారు. ఆ అబ్బాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తూ ఆదివారం చర్చిలో వాయిస్తాడు. గాయకులు శ్రుతి జారితే మెల్లగా వాళ్ళ కిందికి ఆధారం తెచ్చి పైకి లాగుతాడు. అది కచేరీ చేసేవాళ్ళలో కూడా చాలామందికి చేతకాదు. ఒకమ్మాయి హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ పని చూస్తుంది. ఇంకొకడు పెళ్ళి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు, గాయకుడు ఏ శ్రుతి అడిగినా నిమిషంలో మార్చేస్తాడు. ఒకామె నర్సు, ఇప్పుడు అసలు వాయించదు. నైట్ డ్యూటీ నుంచి ఇంటికొచ్చాక పియానో వింటే గానీ నిద్ర పట్టదని మొన్న బజార్లో కలిసినప్పుడు చెప్పింది. వీళ్ళలో ఎవరినీ నేను లెక్కలోంచి తీసెయ్యను.

ఇంకో శిష్యురాలు బెంగళూరులో ఒక స్కూల్లో సంగీతం టీచరు. పోయిన వారం వాట్సాప్‌లో ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టింది. మొదట ఎవరో చిన్నపిల్ల గొంతు, స రి గ మ అని పాడింది. తర్వాత అవే స్వరాలు పియానో మీద. రెండుసార్లు విన్నాను. మ తన్నలేదు.