పెడల్ దిగిపోతుంటే పాదం చెప్పే సంగతులు

సిగ్నల్ దగ్గర కారు ఆపి ఉన్నాను. కాలు బ్రేక్ మీద ఊరికే ఆనించి ఉంచాను, పెద్దగా బలం పెట్టలేదు. పచ్చలైటు పడేలోపు పెడల్ నా పాదం కింద మెల్లగా దిగుతూ పోయింది. గుండె ఝల్లుమంది. కాలు తీసి మళ్లీ నొక్కితే పైనే, గట్టిగా తగిలింది. అంతకు వారం ముందే ఇంట్లో బ్రేకుల్లోంచి ఎయిర్ తీశాను. కాబట్టి ఎయిర్ ఇంకా మిగిలిపోయిందేమో అనుకున్నాను. అది తప్పు. ఎందుకు తప్పో వెతుక్కుంటూ పోయిన రెండు రోజుల్లో ఆ పెడల్ గురించి నాకు తెలియనివి చాలా తెలిశాయి.

‘బ్రేక్ మెత్తగా ఉంది’ అని అందరం ఒకే మాట అంటాం. ఆ ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు జబ్బులున్నాయి. నొక్కుతున్నకొద్దీ స్పాంజిలా అణుగుతూ పోవడం ఒకటి. సగం దూరం ఉత్తినే పోయి, ఆ తరవాత గట్టిగా తగలడం ఇంకొకటి. గట్టిగా తగిలాక కూడా, కాలు అలాగే ఉంచితే నిదానంగా దిగిపోవడం మూడోది. మందు దేనికి దానికే వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే డబ్బూ పోతుంది, ప్రమాదమూ అలాగే ఉంటుంది. వీటిని విడదీయడానికి పాదం, గడియారం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు లోపల జరిగేది చూద్దాం. పెడల్ ఒక మీటలాంటిది. పాదం 4 సెంటీమీటర్లు కదిలితే, ఆయిల్‌ని ముందుకు నెట్టే గొట్టమైన మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ సుమారు 1 సెంటీమీటరే కదులుతుంది, బదులుగా బలం నాలుగు రెట్లవుతుంది. మధ్యలో ఉండే బూస్టర్ వాక్యూమ్ సాయంతో ఆ బలాన్ని ఇంకా పెంచుతుంది. పిస్టన్ ముందున్న బ్రేక్ ఆయిల్ సన్నటి గొట్టాల గుండా ఆ ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ ఒకేలా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారులో నాలుగు చక్రాలకూ ఈ పద్ధతి బ్రేకులే ఉండేవి.

చక్రంతో పాటు తిరిగే డిస్కుకూ దాన్ని పట్టి ఆపే ప్యాడ్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగం. ఆ సందు మూయడానికి కావాల్సిన ఆయిల్ చాలా కొద్ది. కాబట్టి పెడల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ దిగిందంటే, ఆయిల్‌కి ఎక్కడో అదనంగా చోటు దొరికిందన్నమాట. ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టడమే మన పని. పెడల్ దిగిన దూరం ఆ చోటు ఎంతో చెబుతుంది, దిగిన తీరు అది ఎలాంటిదో చెబుతుంది.

దూరం ఎంత కచ్చితంగా చెబుతుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు అనుకుందాం. పిస్టన్ వైశాల్యం 3.8 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒక్క మిల్లీలీటరు ఆయిల్‌ని అదనంగా తొయ్యాలంటే పిస్టన్ 2.6 మిల్లీమీటర్లు కదలాలి, పాదం దానికి నాలుగు రెట్లు, అంటే ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువే దిగాలి. లైన్లో ఎక్కడో దాక్కున్న, శనగగింజంతో బఠానీగింజంతో ఉండే ఒక్క బుడగ చాలు, మన పాదానికి స్పష్టంగా తెలిసిపోతుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు లైన్లలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి 70 రెట్లకు చేరవచ్చు. ఆ ఒత్తిడిలో బ్రేక్ ఆయిల్ తగ్గేది వెయ్యిలో మూడు నాలుగు వంతులే. గాలి బుడగ మాత్రం డెబ్బయ్యో వంతుకు నలిగిపోతుంది. పెడల్ దిగే దూరం ప్యాడ్లను కదపడానికి బదులు ఆ బుడగను నలపడంలోనే ఖర్చయిపోతుంది. స్పాంజి నొక్కినట్టు అనిపించేది అందుకే.

ఇక పరీక్షలు. కారు చదునైన చోట ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. మొదట బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని డిస్కు మీదికి నొక్కే కాలిపర్ పిస్టన్లు బయటికి వస్తాయి కాబట్టి మట్టం నెలల మీద కొంచెం తగ్గడం సహజమే. రోజుల్లో తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, గొట్టాల అతుకులు, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి అతుక్కున్న చోటు, పెడల్ పైన కాళ్ల దగ్గరి భాగం టార్చి వేసి చూడాలి. తడి కనిపించి అది గ్రీజో బ్రేక్ ఆయిలో అర్థం కాకపోతే నీళ్లు చల్లి చూడండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గ్రీజు కలవదు. కింద ఒక్క చుక్క కూడా పడకుండా మట్టం తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్ వెనకున్న రబ్బరు సీలు దాటి ఆయిల్ బూస్టర్ కడుపులోకి పోతుండవచ్చు. గేర్లు చేత్తో మార్చే చాలా కార్లలో క్లచ్ కూడా ఇదే డబ్బాలోంచి ఆయిల్ తీసుకుంటుంది, కాబట్టి లీకు అటువైపు ఉందేమో కూడా చూడాలి.

తరవాత ఇంజన్ ఆపేసి పెడల్‌ని ఐదారుసార్లు నొక్కి వదలండి. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగి ఆగుతుంది. బూస్టర్ పనిచేస్తోందని చెప్పే గుర్తు ఇది. దీన్ని చూసి పెడల్ దిగిపోతోందని టెన్షన్ పడి మాస్టర్ సిలిండర్ మార్పించేసేవాళ్లున్నారు, ఆ పొరపాటు మీరు చేయకండి. బూస్టర్ పాడైతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, మెత్తబడదు.

మళ్లీ ఇంజన్ ఆపి, ఒకసారి నిదానంగా నొక్కి ఎంత దూరంలో తగిలిందో గుర్తుపెట్టుకోండి. స్టీరింగ్ చక్రం నుంచి పెడల్‌కి టేపు పెట్టి కొలిస్తే ఇంకా మంచిది. వెంటనే రెండు మూడుసార్లు గబగబా నొక్కండి. పెడల్ పైకి వచ్చి రాయిలా తగిలితే, ఎక్కడో సందు ఎక్కువగా ఉందన్నమాట. మొదటి నొక్కు ఆ సందు పూడ్చడానికే సరిపోతోంది. వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో ఇది మామూలు. డ్రమ్ము లోపలి గోడను పట్టే షూల సందు సరిచేసే అడ్జస్టర్ తుప్పుపట్టి బిగుసుకుపోతే సందు పెరుగుతూ పోతుంది. హ్యాండ్ బ్రేక్ ఆ షూలనే లాగే కారైతే, దాన్ని రెండు మూడు పళ్లు లాగి పెడల్ నొక్కి చూడండి. ఎత్తు తిరిగి వచ్చిందంటే దోషం వెనక డ్రమ్ముల్లోనే. గతుకుల్లోనో మలుపులోనో వెళ్లాక మొదటి బ్రేక్ మాత్రమే లోతుగా పోతుంటే వీల్ బేరింగ్ వదులైందేమో చూడాలి. డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి తోసేస్తుంది.

గబగబా నొక్కితే పెడల్ పైకి వచ్చినా కాలి కింద స్ప్రింగులాంటి ఊపు పోకపోతే అది ఎయిర్ పని. లేదా పాత రబ్బరు హోసు ఉబ్బుతోంది. ఇంజన్ ఆపి ఉంచి ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు హోసును చేత్తో పట్టుకుంటే ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది. ఇక్కడొక చిన్న సంగతి. కాలిపర్‌కి ఎయిర్ తీసే నిపుల్ పైవైపే ఉండాలి. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది. అప్పుడు డబ్బాలకు డబ్బాలు ఆయిల్ పోసినా మెత్తదనం పోదు.

పొద్దున బాగానే ఉండి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మాత్రమే మెత్తబడే పెడల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటి దగ్గర పరీక్షలో అది దొరకదు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. దానిలో 3.7 శాతం నీళ్లు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. వేడెక్కిన కాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి గాలిలాగే నలుగుతుంది, పెడల్ నేలకు పోతుంది. చల్లారాక అంతా మామూలే. దీనికీ ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోవడానికీ తేడా ఉంది. ప్యాడ్ల విషయంలో పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెప్పేది ఈ తేమ వల్లే. పేరుకి ఆయిల్ అంటున్నాం కానీ అది నూనె కాదు. ఇంజన్ ఆయిల్‌లాంటిది ఒక్క గుక్కెడు ఆ డబ్బాలో పడినా లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి.

ఇప్పుడు నన్ను భయపెట్టిన మూడో జబ్బు. ఐదారుసార్లు నొక్కి పెడల్ గట్టిపడ్డాక, కాలు తేలిగ్గా ఆనించి గడియారం చూస్తూ ఒక నిమిషం ఉండండి. తరవాత గట్టిగా నొక్కి ఇంకో నిమిషం. పెడల్ అలాగే నిలబడితే సీళ్లు పట్టు మీదున్నట్టే. దిగుతూ పోతే ఆయిల్ ఎటో తప్పించుకుపోతోంది. బుడగకు ఈ లక్షణం ఉండదు. అది ఎంత నలగాలో అంతా వెంటనే నలిగి ఆగిపోతుంది, నిమిషం పొడుగునా దిగదు. నా కారులో ఎయిర్ మిగిలిందన్న ఊహ అక్కడే వీగిపోయింది.

డబ్బాలో మట్టం తగ్గడం లేదు, ఎక్కడా తడి లేదు, అయినా పెడల్ దిగుతోందంటే దాదాపుగా మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు సీలు అరిగిందనే అర్థం. పిస్టన్ ముందున్న ఆయిల్ ఆ సీలు పక్క నుంచి వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే చేరుతుంది. ఎక్కడా ఒక్క చుక్క పోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తేలిగ్గా ఆనించినప్పుడు ఎక్కువ దిగి, గట్టిగా నొక్కితే నిలబడటం నాకు మొదట వింతగా తోచింది. కప్పు ఆకారం చూస్తే సంగతి అర్థమవుతుంది. దాని అంచు పెదవిలా ముందుకు చాచి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడే ఆ పెదవిని సిలిండర్ గోడకు అదుముతుంది. ఒత్తిడి ఎక్కువైతే అదుము బిగుస్తుంది, తక్కువైతే అరిగిన పెదవి గోడను సరిగా అంటుకోదు. అందుకే ఈ జబ్బు తొలిరోజుల్లో హైవే మీద గట్టి బ్రేకుకు కనిపించదు, సిగ్నల్ దగ్గర ఊరికే ఆనించిన కాలికి కనిపిస్తుంది. ‘గట్టిగా కొట్టి చూశాను, బాగానే ఉంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. తేలిక నొక్కు పరీక్ష కూడా చేసి తీరాలి.

మాస్టర్ సిలిండర్‌లో రెండు భాగాలుంటాయి, ఒకటి పోయినా ఇంకొకటి రెండు చక్రాలనైనా పట్టుకుంటుంది. అయినా దిగిపోయే పెడల్‌తో కారు రోడ్డెక్కించకూడదు. పది నిమిషాల దూరమైనా సరే, లాక్కెళ్లే బండి పిలవండి. దారిలోనే పెడల్ నేలకు పోతే గబగబా నొక్కుతూ, గేర్లు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ని కొద్దికొద్దిగా లాగుతూ పక్కకు చేర్చాలి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో ఆ యూనిట్ లోపలికి గాలి చేరితే చాలాసార్లు స్కానర్ ఉన్న మెకానిక్ మాత్రమే దాన్ని బయటికి తీయగలడు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కొన్నింటికి ఈ పరీక్షలు పనికిరావు. వాటి పెడల్ కింద తగిలే గట్టిదనం మామూలు వాడకంలో చక్రాల దగ్గరి నుంచి రాదు, విడిగా అమర్చిన ఒక యూనిట్ దాన్ని పుట్టిస్తుంది.

కొత్త మాస్టర్ సిలిండర్ బిగించాక పాతదాన్ని విప్పి చూశాను. లోపలి గోడ సగం దూరం దాకా అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్లూ రోజువారీ బ్రేకుకు పిస్టన్ తిరిగిన దారి అది. అది దాటాక గోధుమరంగు పట్టీలాంటి తుప్పు, వేలు పెడితే గరుకు. వారం ముందు ఎయిర్ తీస్తున్నప్పుడు పక్కన కూర్చున్న మనిషితో పెడల్‌ని ప్రతిసారీ నేలకంటా నొక్కించింది నేనే. కప్పు తన జన్మలో ఎన్నడూ పోని ఆ గరుకు చోటికి పదేపదే పోయి వచ్చింది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి ఉంటే అంత లోతుకు పోయేది కాదు. రబ్బరు అంచు మీద పడిన గీత వెంట్రుకంత సన్నం. లైటు కింద కూడా కనబడలేదు, గోటితో తడిమితే తగిలింది.