చలి ఈస్టు, వేడి చెరువు

డిసెంబరు తెల్లవారుజామున తిరుపతిలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకుపోతుంది. పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం ఎప్పటిలాగే ధారకడుతుంది. చల్లటి సముద్రాల ఈస్టుల (ఒంటికణపు శిలీంధ్రాల) కిటుకూ అదే. వాటి కణపొరలో వేరుశనగ నూనెలోలాగే అసంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి గడ్డకట్టే చలిలోనూ పొర బిగుసుకోదు. వాటి ఎంజైములు కూడా చలిలోనే చురుకు, వేడి తగిలితే చెడిపోతాయి.

12-15 డిగ్రీల నీళ్లలో ట్రౌట్ చేపలు పెంచేవాళ్లకు, మేతలో కలపడానికి ఇలాంటి ఈస్టు బాగా పనికొస్తుంది. తడ, సూళ్లూరుపేట వైపు రొయ్యల చెరువుల సంగతి వేరు. అక్కడ నీళ్లు 28-32 డిగ్రీలుంటాయి, అచ్చమైన చలి ఈస్టు బతకదు. ప్యాకెట్ మీద మంచుకొండ బొమ్మ చూసి మురిసిపోకుండా, అది ఎన్ని డిగ్రీల దాకా పెరుగుతుందో అడగాలి. మనకు కావలసింది చలిని కోరేది కాదు, ఓర్చుకునేది. డెబరియోమైసెస్ హాన్సెనై అనే ఈస్టు అలాంటిదే. ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది, 20 శాతం ఉప్పునూ తట్టుకుంటుంది, 30 డిగ్రీలు దాటితే మందగిస్తుంది. ఇది విడుదల చేసే పాలీఅమైన్లనే పదార్థాలు చేపపిల్లల పేగు ఎదుగుదలకు సాయపడతాయి. చచ్చినా పూర్తిగా దండగ కాదు: కణగోడలోని బీటా గ్లూకాన్ అనే పదార్థాన్ని రొయ్య శరీరం శత్రువుగా పసిగట్టి రక్షణకు సిద్ధమవుతుంది.

మేత గుళికలు తయారయ్యేటప్పటి ఆవిరి వేడికి ఈస్టు చచ్చిపోతుంది. అందుకే తయారైన మేతకు పైపూతగా పట్టించాలి. గ్రాముకు 100 కోట్ల బతికున్న కణాలున్న పొడి అయితే 10 కిలోల మేతకు 50 గ్రాములు. అంటే గ్రాము మేతకు 50 లక్షల కణాలు. 300 మిల్లీలీటర్ల క్లోరిన్ లేని నీళ్లలో పొడి కలిపి, బైండర్ (పూతను మేతకు అంటిపెట్టే జిగురు) చేర్చి, మేతకు సమంగా పట్టించి, నీడలో అరగంట ఆరబెట్టాలి. ఎండలో పోస్తే పడిన శ్రమంతా వృథా.

రొయ్య గబగబా మింగదు, కొరుక్కుతింటుంది. ఈలోపు పూత కరిగిపోతే ఈస్టు చెరువుపాలే. పిడికెడు మేత గ్లాసుడు చెరువు నీళ్లలో వేసి పది నిమిషాలు చూడండి. నీళ్లు పాలలా మారితే బైండర్ చాలలేదన్నమాట.

పొడి బతికుందో లేదో తేల్చడానికి మిథిలీన్ బ్లూ అనే రంగు చుక్క చాలు. మైక్రోస్కోపు కింద చచ్చిన కణం నీలంగా, బతికింది రంగు లేకుండా కనిపిస్తుంది. సగం నీలమైతే 50 గ్రాములకు బదులు 100 గ్రాములు వేయాలి.